పెద్దపేగు క్యాన్సర్ భయంతో బీపీ మాత్ర మార్చుకోవాలా? ఏది ఎవరికి నప్పుతుంది

బీపీ మాత్రలకూ పెద్దపేగు క్యాన్సర్‌కూ ఏమైనా సంబంధం ఉందా అని పాతికేళ్లకు పైగా వెతుకుతున్నారు. ఒక పరిశోధన ఫలానా మాత్ర కాపాడుతుందంటుంది. రెండేళ్లు తిరక్కుండానే ఇంకొకటి వచ్చి అదే మాత్ర ముప్పు పెంచుతుందేమో అంటుంది. మన ఫోన్లకు చేరేది మాత్రం సాధారణంగా భయపెట్టే వార్తే. అది చదివి మాత్ర మానేసినవాళ్లు, తమంతట తామే మరో మాత్రకు మారినవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. వాళ్లను దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇవాళ చేతిలో ఉన్న ఆధారాలను బట్టి, పెద్దపేగు క్యాన్సర్ పేరు చెప్పి ఏ బీపీ మాత్రా మొదలుపెట్టనక్కర్లేదు, ఏదీ ఆపనక్కర్లేదు. మాత్రను గుండె, కిడ్నీ, షుగర్, దగ్గు, కాళ్ల వాపు చూసి ఎంచుకోవాలి. అయితే మూడు సందర్భాల్లో, అంటే కొలొనోస్కోపీకి (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకు) ముందు, కీమో నడుస్తున్నప్పుడు, నెలల తరబడి విరేచనాలు ఆగనప్పుడు, మీరు వేసుకునేది ఏ మాత్ర అన్నది నిజంగానే లెక్కలోకి వస్తుంది. ఈ మూడింటి గురించి వార్తల్లో దాదాపు ఎవరూ చెప్పరు. అందుకే వాటికి ఇక్కడ ఎక్కువ చోటిస్తున్నాను.

ముందు మీ స్ట్రిప్పు చూసుకోండి

మన దగ్గర ఎక్కువగా రాసే బీపీ మందులు ఐదు కుటుంబాలవి. రామిప్రిల్, ఎనాలాప్రిల్, పెరిండోప్రిల్ లాంటి "ప్రిల్" మందులు ఏసీఈ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మిసార్టాన్, వల్సార్టాన్ "సార్టాన్" కుటుంబం. ఆమ్లోడిపిన్, సిల్నిడిపిన్ రక్తనాళాలను వదులు చేసే కాల్షియం చానల్ బ్లాకర్లు. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ మూత్రం ఎక్కువగా పోయేలా చేసే థయజైడ్ తరహా మందులు. అటెనొలాల్, మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు.

ఒకే బిళ్లలో రెండు మూడు మందులు కలిపి ఉండడం మామూలే. బ్రాండు పేరు చివర "ఏఎం" ఉంటే సాధారణంగా ఆమ్లోడిపిన్ కలిసిందని, "హెచ్" ఉంటే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిందని అర్థం. నేను ఒక్క మాత్రే వేసుకుంటున్నాను అనుకునేవాళ్లు స్ట్రిప్పు వెనక ఉన్న చిన్న అక్షరాలు ఒకసారి చదువుకోండి. కీమో గురించి చెప్పే చోట ఇది పనికొస్తుంది.

ప్రిల్ మందులా, సార్టాన్లా: అసలు వాదం ఇక్కడే

కథ 1998లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో మొదలైంది. అక్కడి బీపీ క్లినిక్‌లో చికిత్స పొందిన 5,207 మంది రికార్డులు తిరగేస్తే, ప్రిల్ మందులు వాడినవాళ్లలో క్యాన్సర్లు తక్కువగా కనిపించాయి. లాన్సెట్ పత్రికలో ఆ ఫలితం అచ్చయ్యాక ప్రపంచమంతా ఆశగా చూసింది. ఆశకు తగ్గ కారణమూ ఉంది. యాంజియోటెన్సిన్-2 అనే పదార్థం రక్తనాళాలను బిగించి బీపీ పెంచుతుంది. అదే పదార్థం కొత్త రక్తనాళాలు మొలకెత్తడానికి కూడా సాయపడుతుంది. కణితి పెరగాలంటే దానికి సొంతంగా రక్తనాళాలు కావాలి. ప్రిల్ మందులు యాంజియోటెన్సిన్-2 తయారు కాకుండా ఆపుతాయి, సార్టాన్లు అది పనిచేసే చోట అడ్డు పడతాయి. ఎలుకల్లో కాప్టోప్రిల్ ఇచ్చినప్పుడు పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కు పాకడం తగ్గిందని 2007లో మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు చూపించారు కూడా.

2020లో హాంకాంగ్ నుంచి ఇంకా పెద్ద ఫలితం వచ్చింది. కొలొనోస్కోపీ చేయించుకుని, అప్పటికి క్యాన్సర్ లేదని తేలిన 1,87,897 మందిని వెనక్కి తిరిగి పరిశీలించారు. ప్రిల్, సార్టాన్ మందులు వాడుతున్నవాళ్లలో తర్వాతి మూడేళ్లలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 22 శాతం తక్కువగా కనిపించింది. శీర్షికలకు ఆ 22 శాతం చాలు. లోపలికి వెళ్తే లెక్క వేరుగా ఉంటుంది. అంత మందిలో క్యాన్సర్ తేలింది 854 మందికి, అంటే వెయ్యికి ఐదుగురి కంటే తక్కువ. అందులో 22 శాతం తగ్గినా తేడా వెయ్యి మందిలో ఒకరికి అటూ ఇటూ. పైగా మూడేళ్లు దాటాక వచ్చిన క్యాన్సర్లలో ఆ తేడా కనిపించలేదు. పేగులో చిన్న పాలిప్ (పిలక లాంటి కండ) పుట్టి క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదేళ్ల వరకూ పడుతుంది. మందు నిజంగా ఆ దారిని మూసేస్తుంటే ఏళ్లు గడిచేకొద్దీ లాభం పెరగాలి, మాయం కాకూడదు. నాకు ఈ పరిశోధన మీద అనుమానం తీరనిది ఇక్కడే.

2022 ఫిబ్రవరిలో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధన గాలిని అటు నుంచి ఇటు మళ్లించింది. వీళ్లు మందులు వాడినవాళ్లను చూడలేదు, జన్యువులను చూశారు. కొందరికి పుట్టుకతోనే ఏసీఈ ఎంజైమ్ కాస్త తక్కువగా ఉంటుంది. అంటే ప్రకృతే వాళ్లకు జీవితాంతం చిన్న మోతాదులో ప్రిల్ మందు ఇస్తున్నట్టు లెక్క. పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన 58,221 మంది జన్యు వివరాలతో పోల్చి చూస్తే, అలాంటి జన్యువులు ఉన్నవాళ్లలో ఆ క్యాన్సర్ ముప్పు కొద్దిగా ఎక్కువ ఉండే సూచన కనిపించింది. పెద్దపేగు చివరి భాగమైన రెక్టమ్‌ను వదిలేసి, దాని పైన ఉన్న కొలన్ భాగంలోనే ఆ సూచన ఉంది. బీటా బ్లాకర్లు, థయజైడ్లు పనిచేసే జన్యువులతో ఇలాంటి సంబంధం తేలలేదు.

దీనికీ ఒక వివరణ ఉంది. ఏసీఈ ఎంజైమ్ పని యాంజియోటెన్సిన్ తయారుచేయడం ఒక్కటే అనుకోవద్దు. బ్రాడీకైనిన్, సబ్‌స్టెన్స్-పి అనే పదార్థాలను విరగ్గొట్టేది కూడా అదే. దాన్ని ఆపితే ఇవి పోగుపడతాయి. ప్రిల్ మందులు వాడేవాళ్లకు వచ్చే పొడి దగ్గు అందువల్లే. ఇవే పదార్థాలు కణాలు పెరగడానికి తోడ్పడతాయేమో అన్నది అనుమానం. బ్రిటన్‌లో దాదాపు పది లక్షల మంది రికార్డులతో 2018లో వచ్చిన ఒక పరిశోధన, సార్టాన్లు వాడేవాళ్లతో పోలిస్తే ప్రిల్ మందులు వాడేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 14 శాతం ఎక్కువగా ఉందని చెప్పినప్పుడు కూడా ఈ వివరణే ముందుకొచ్చింది. సార్టాన్లు బ్రాడీకైనిన్ జోలికి అంతగా పోవు. అందుకే వాటితో దగ్గు అరుదు.

అలాగని సార్టాన్లు మచ్చలేకుండా వచ్చాయా అంటే అదీ లేదు. 2010లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చిన విశ్లేషణ, సార్టాన్లు వాడినవాళ్లలో 7.2 శాతం మందికి, వాడనివాళ్లలో 6 శాతం మందికి కొత్తగా క్యాన్సర్ తేలిందని చెప్పి పెద్ద దుమారం లేపింది. ఆ లెక్కలో 85 శాతానికి పైగా తీసుకున్నది టెల్మిసార్టాన్, అంటే మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే మందే. మరుసటి ఏడాది జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 31 ట్రయల్స్, దాదాపు 1,56,000 మంది వివరాలు కలిపి చూసి, క్యాన్సర్ ముప్పు పెరగడం లేదని తేల్చింది. దుమారం రేగినప్పుడు చదివినవాళ్లలో ఎంతమంది ఈ రెండో వార్త చదివి ఉంటారు?

మరి ఎవరి మాట నమ్మాలి

ఈ పరిశోధనలన్నీ ఒక కోవలోవి కావు. రికార్డులు తిరగేసే పరిశోధనలో, మాత్ర వేసుకున్నవాళ్లూ వేసుకోనివాళ్లూ మొదటి నుంచే వేరు వేరు మనుషులు కావచ్చు. క్రమం తప్పకుండా మందు వేసుకునేవాళ్లు సాధారణంగా డాక్టరు దగ్గరికి వెళ్లడంలో, తిండిలో, నడకలో కూడా క్రమంగా ఉంటారు. మేలు మాత్ర వల్ల జరిగిందా, ఆ క్రమం వల్ల జరిగిందా అని విడదీయడం కష్టం. జన్యు పరిశోధనలో ఈ చిక్కు తగ్గుతుంది. కానీ పుట్టినప్పటి నుంచి కొద్దిగా తక్కువ ఎంజైమ్ ఉండడం వేరు, యాభై ఐదేళ్లకు రామిప్రిల్ మొదలుపెట్టడం వేరు.

అందరికంటే బరువైన సాక్ష్యం చీటీలు తీసినట్టు ఎవరికి ఏ మందు అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించి ఏళ్ల తరబడి గమనించిన ట్రయల్స్‌ది. ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా పనిచేసే ఒక అంతర్జాతీయ బృందం అలాంటి 33 ట్రయల్స్ నుంచి 2,60,447 మంది వివరాలను ఒక్కొక్కరివీ సేకరించి 2021లో ఫలితం ప్రకటించింది. వాళ్లలో 15,012 మందికి క్యాన్సర్ వచ్చింది. ఐదు కుటుంబాల్లో ఏదీ క్యాన్సర్ ముప్పు పెంచుతున్నట్టు గట్టి ఆధారం దొరకలేదు. పెద్దపేగు క్యాన్సర్‌ను విడిగా చూసినా అంతే. దీనికీ ఒక హద్దు ఉంది. ఈ ట్రయల్స్‌లో గమనించిన కాలం సగటున నాలుగేళ్ల చిల్లర. పదేళ్లు పట్టే జబ్బును నాలుగేళ్లలో పూర్తిగా పట్టలేం. కాబట్టి బ్రిస్టల్ వాళ్ల సూచనను కొట్టిపారేయలేం, దాన్ని పట్టుకుని మాత్ర మార్చనూలేం.

త్రాసులో రెండో పళ్లెం కూడా చూడాలి. అదే బృందం అదే ఏడాది 3,44,716 మంది వివరాలతో, పై బీపీ 5 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు దాదాపు 10 శాతం తగ్గుతాయని చూపించింది. ఇది ఊహ కాదు, ట్రయల్స్‌లో రుజువైన లాభం. మన దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి బీపీ ఉందని ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే 2023లో తేల్చింది. వాళ్లలో ఒకరు పేగు క్యాన్సర్ భయంతో మాత్ర ఆపేస్తే, కాగితం మీద ఉన్న చిన్న అనుమానం కోసం పక్షవాతాన్ని ఇంటికి పిలిచినట్టే.

ఇక ఎంపిక. షుగర్ ఉండి మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, గుండె బలహీనంగా ఉన్నా, ప్రిల్ లేదా సార్టాన్ కుటుంబం మీకు అవసరం. రెండింటిలో ఏదో ఒకటే, కలిపి వద్దు. ప్రిల్‌తో దగ్గు రాకుండా హాయిగా ఉంటే దాన్నే కొనసాగించండి. దగ్గు వస్తే సార్టాన్‌కు మారడానికి అదొక్కటే సరిపడా కారణం. ఇంట్లో కొలన్ క్యాన్సర్ చరిత్ర ఉండి, కొత్తగా మందు మొదలవుతూ, రెండు కుటుంబాల్లో ఏదైనా సరే అని డాక్టరు అంటే, నేనైతే సార్టాన్ వైపు మొగ్గుతాను. దాని మీద వచ్చిన అనుమానం పెద్ద లెక్కల్లో తీరిపోయింది, దగ్గు బెడదా లేదు. ఇది నా మొగ్గు మాత్రమే. గర్భం దాల్చే ఆలోచన ఉన్నవాళ్లకు మాత్రం ఈ రెండు కుటుంబాలూ పనికిరావు.

మిగతా మూడు కుటుంబాలు

వీటి గురించి చెప్పుకోవలసింది తక్కువ. ఆమ్లోడిపిన్ కుటుంబంతో 2021 లెక్కల్లో మిగతా మందులన్నిటితో పోల్చినప్పుడు క్యాన్సర్లు మొత్తం మీద ఆరు శాతం ఎక్కువ కనిపించాయి. ఉత్తుత్తి మాత్రతో పోల్చితే ఆ తేడా లేదు. పేగు విషయంలో దీని మీద పెట్టుకోవలసిన అనుమానం లేదు. కాళ్ల వాపు, కొందరికి మలబద్ధకం దీని ఇబ్బందులు. ఇదే కుటుంబంలోని వెరపామిల్‌తో మలబద్ధకం ఇంకా ఎక్కువ.

థయజైడ్ల మీద ఉన్న క్యాన్సర్ మచ్చ చర్మానిది. డెన్మార్క్‌లో ఏళ్ల తరబడి హైడ్రోక్లోరోథయజైడ్ వాడిన తెల్లవాళ్లలో కొన్ని చర్మ క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. మన చర్మానికి అలాంటి క్యాన్సర్ల ముప్పు తక్కువే. బీటా బ్లాకర్లకు పెద్దపేగు క్యాన్సర్ రాకుండా ఆపే గుణం ఉందేమోనని జర్మనీలో 1,700 మందికి పైగా రోగులతో చూశారు, సంబంధం తేలలేదు. ఆస్తమా ఉంటే బీటా బ్లాకర్, గౌట్ (యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే కీళ్లవాతం) ఉంటే థయజైడ్ వద్దు అనే పాత నియమాలే ఇక్కడ ముఖ్యం.

క్యాన్సర్ వచ్చాక మాత్ర మారిస్తే ఆయుష్షు పెరుగుతుందా

ఈ ఆశకు బీజం వేసింది అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం నుంచి 2021లో వచ్చిన పరిశోధన. పెద్దపేగు క్యాన్సర్ మొదటి మూడు దశల్లో ఉన్న దాదాపు 14,000 మంది వృద్ధుల బీమా రికార్డులు చూస్తే, ప్రిల్ మందులు, బీటా బ్లాకర్లు, థయజైడ్లు వాడినవాళ్లలో ఆ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు తక్కువ. మందును క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్లలో ఇంకా మేలుగా ఉంది. ఒకదానికొకటి పోలికే లేకుండా పనిచేసే మూడు కుటుంబాలు ఒకే మేలు చేశాయంటే, ఆ మేలు బీపీ అదుపులో ఉండడం వల్లనో, మందు క్రమంగా వేసుకునే మనిషి తీరు వల్లనో వచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది. రోగికి దీని నుంచి దక్కే సలహా ఒకటే. క్యాన్సర్ వచ్చిందని కంగారులో బీపీ మాత్రను మర్చిపోకండి.

బీటా బ్లాకర్ల సంగతి ఒక్కటి ఆసక్తిగా గమనించదగ్గది. ఆపరేషన్ సమయంలో శరీరం విడుదల చేసే ఒత్తిడి హార్మోన్లు, మిగిలిపోయిన క్యాన్సర్ కణాలకు ఊతమిస్తాయన్న ఆలోచనతో ఇజ్రాయెల్ పరిశోధకులు ఒక చిన్న ట్రయల్ చేశారు. 34 మందిలో కొందరికి ఆపరేషన్‌కు ముందూ వెనకా కొద్ది రోజులు ప్రొప్రనొలాల్ అనే బీటా బ్లాకర్‌తో పాటు ఎటొడొలాక్ అనే నొప్పి మందు ఇచ్చారు. మందు తీసుకున్న 16 మందిలో ఇద్దరికి, తీసుకోని 18 మందిలో ఆరుగురికి జబ్బు తిరగబెట్టింది. 34 మందితో ఏదీ తేలదు. పెద్ద ట్రయల్ ఫలితం వచ్చేదాకా సర్జన్‌ను ప్రొప్రనొలాల్ రాయమని అడగడం సరికాదు.

తిరగబెట్టకుండా ఏం చేయవచ్చో నిజంగా తేల్చిన ట్రయల్ కావాలంటే, 2025 జూన్‌లో వచ్చిన చాలెంజ్ ట్రయల్ ఉంది. కొలన్ క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిలో సగం మందికి మూడేళ్లపాటు పద్ధతి ప్రకారం వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్లకు వాళ్లలో 90.3 శాతం మంది బతికి ఉన్నారు, రెండో గుంపులో 83.2 శాతం. ఏ బీపీ మాత్ర గురించీ ఇంత గట్టి మాట ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. వ్యాయామం బీపీని కూడా దించుతుంది.

కీమో నడుస్తుంటే జాగ్రత్త ఇక్కడ

కేపసైటబిన్, ఇరినోటెకాన్ లాంటి కీమో మందులతో విరేచనాలు పట్టుకుంటాయి. ఒంట్లో నీరు తగ్గిపోతున్నప్పుడు ప్రిల్, సార్టాన్, థయజైడ్ మాత్రలు యథావిధిగా వేసుకుంటే బీపీ పడిపోయి కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఉంది. రెండు రోజుల విరేచనాలతో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) అమాంతం పెరిగి, తర్వాతి కీమో వాయిదా పడడం వార్డుల్లో తరచూ జరిగేదే. పేరు చివర "హెచ్" ఉన్న సార్టాన్ బిళ్లలో ఈ రెండు ప్రమాదాలూ ఒకే చోట ఉన్నాయి. థయజైడ్ ఉంటే పొటాషియం, సోడియం కూడా జారిపోతాయి.

అందుకని కీమో మొదలయ్యే రోజే డాక్టరును ఈ మాట అడిగి చీటీ మీద రాయించుకోండి: "రోజుకు నాలుగైదు సార్లు విరేచనాలైతే, వాంతులైతే, ఏ బీపీ మాత్ర ఎన్ని రోజులు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?" రాత్రి పదింటికి ఎవరికి ఫోన్ చేయాలో తెలియక తికమకపడే కంటే ముందే కాగితం చేతిలో ఉండడం మేలు. మీ అంతట మీరు బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపవద్దు, గుండె వేగం ఎగదన్నుతుంది. ఆమ్లోడిపిన్ కిడ్నీ మీద ఈ రకమైన ఒత్తిడి పెట్టదు. అందుకే కీమో నెలల్లో దానివైపు మొగ్గే డాక్టర్లు ఉంటారు. అయినా బీపీ కొలుచుకోకుండా ఏ మాత్రా మింగవద్దు. తినక బరువు తగ్గినవాళ్లకు పాత మోతాదే ఎక్కువైపోవచ్చు.

కీమోతో పాటు బెవసిజుమాబ్ అనే క్యాన్సర్ మందు ఇస్తున్నవాళ్ల సంగతి దీనికి తలకిందులు. ఆ మందే బీపీ పెంచుతుంది. మూత్రంలో ప్రొటీన్ కూడా పోవచ్చు. వాళ్లకు మాత్ర పెంచాల్సో, కొత్తది చేర్చాల్సో రావచ్చు. ప్రొటీన్ పోతుంటే ప్రిల్, సార్టాన్ మందులే ముందుకొస్తాయి. వెరపామిల్, డిల్టియజెమ్ వాడుతున్నవాళ్లు ఆ సంగతి కీమో డాక్టరుకు తప్పక చెప్పాలి. లివర్‌లో చాలా మందులను విరగ్గొట్టే ఎంజైమును అవి నెమ్మదింపజేస్తాయి. కేపసైటబిన్, 5-ఎఫ్‌యూ అనే కీమో మందులతో గుండె నాళాలు పట్టేసినట్టయి ఛాతీ నొప్పి రావడం అరుదుగా జరుగుతుంది. అది గ్యాస్ నొప్పి అని ఇంట్లో కూర్చోకండి, ఆ కీమో మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కొలొనోస్కోపీ ముందు రోజు

పేగు శుభ్రం చేసుకోవడానికి రెండు రకాల మందులు దొరుకుతాయి. ఒకటి పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి, రెండు లీటర్లో అంతకంటే ఎక్కువో నీళ్లలో కలుపుకుని తాగాలి. తాగడం విసుగే. రెండోది సోడియం ఫాస్ఫేట్ ద్రవం, చిన్న సీసా, తాగడం సులువు. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు ఈ రెండింటిలో మొదటిదే ఎంచుకోవాలి. సోడియం ఫాస్ఫేట్ తాగాక కొందరిలో కిడ్నీలో ఫాస్ఫేట్ పేరుకుపోయి శాశ్వతంగా దెబ్బతిన్నదని ఎఫ్‌డీఏ 2008 డిసెంబరులో గట్టి హెచ్చరిక ఇచ్చింది. 55 ఏళ్లు దాటినవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ప్రిల్, సార్టాన్, నీరు పోయే మాత్రలు, నొప్పి మాత్రలు వాడేవాళ్లు ఆ హెచ్చరికలో ఉన్నారు. అంటే బీపీ మాత్ర ఏదన్న ప్రశ్న పేగు విషయంలో ఇంత స్పష్టంగా ముందుకొచ్చే చోటు మరొకటి లేదు. సీసా చేతికి ఇస్తే, "నాకు బీపీ మాత్ర నడుస్తోంది, పొడి ఇవ్వండి" అని అడగండి.

పరీక్ష రోజు ఉదయం ఏ మాత్ర వేసుకోవాలన్నది ముందే తెలుసుకోండి. సాధారణంగా బీటా బ్లాకర్, ఆమ్లోడిపిన్ గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు, నీరు పోయే మాత్ర ఆపమంటారు. ప్రిల్, సార్టాన్ల విషయంలో మత్తు ఇచ్చే డాక్టరు మాటే వినాలి.

విరేచనాలు ఆగడం లేదా, ఓల్మిసార్టాన్ ఉందేమో చూడండి

నెలల తరబడి నీళ్ల విరేచనాలు, పది పదిహేను కిలోలు తగ్గడం చూస్తే ఎవరికైనా మొదట తోచేది క్యాన్సరే. అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు 2012లో ఇలాంటి 22 మంది గురించి రాశారు. అందరూ ఓల్మిసార్టాన్ వాడుతున్నవాళ్లే. చిన్నపేగు లోపలి పొర అరిగిపోయింది. మాత్ర ఆపేశాక కోలుకున్నారు. 2013 జులైలో ఎఫ్‌డీఏ ఈ హెచ్చరికను మందు కాగితంలో చేర్పించింది. ఇది మందు మొదలుపెట్టిన నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో రావచ్చు, కాబట్టి "ఇన్నాళ్లూ పడిందే ఇప్పుడేంటి" అనుకోకండి. అరుదైన ఇబ్బందే. కానీ ఓల్మిసార్టాన్ మన మందుల షాపుల్లో బాగా అమ్ముడయ్యే మందు. కారణం దొరకని విరేచనాలు ఉంటే స్ట్రిప్పు తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

వల్సార్టాన్‌లో దొరికిన మలినం

2018 జులైలో చైనాలోని జెజియాంగ్ హువాహై కంపెనీ తయారుచేసిన వల్సార్టాన్‌లో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారక మలినం దొరికింది. ఆ తర్వాత కొన్ని నెలల్లో మన హైదరాబాద్‌కు చెందిన హెటెరో తయారుచేసిన వల్సార్టాన్, అరబిందో కంపెనీ వల్సార్టాన్ బిళ్లలు కూడా ఇలాంటి మలినాల వల్లే అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి వెళ్లాయి. ఈ సంగతి వచ్చినప్పుడు మందుకూ మలినానికీ తేడా చెరిపేసి "సార్టాన్లతో క్యాన్సర్" అని ప్రచారం జరిగింది. మలినం చేరింది తయారీ పద్ధతిలోని లోపంతో. వల్సార్టాన్ అనే మందుకు ఆ గుణం లేదు. డెన్మార్క్‌లో 5,150 మంది వల్సార్టాన్ వాడినవాళ్లను చూస్తే, మలినం ఉన్న మందు వాడినవాళ్లలో క్యాన్సర్లు మొత్తం మీద పెరగలేదు. పెద్దపేగు క్యాన్సర్ కొద్దిగా ఎక్కువ కనిపించినా, అది కేవలం యాదృచ్ఛికం కావడానికి అవకాశం ఉన్నంత చిన్న తేడా.

ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉంటే

తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో పెద్దపేగు క్యాన్సర్ ఉంటే, ఏ బీపీ మాత్ర అన్న ప్రశ్నను పక్కన పెట్టి కొలొనోస్కోపీ తేదీ చూసుకోండి. సాధారణంగా 40 ఏళ్లకు, లేదా వాళ్లకు జబ్బు తేలిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు మొదలుపెట్టమంటారు. తరతరాలుగా వస్తుంటే లించ్ సిండ్రోమ్ (పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెంచే వంశపారంపర్య జన్యులోపం) కోసం జన్యు పరీక్ష గురించి అడగండి. లించ్ ఉన్న 861 మందిలో రోజూ 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చినవాళ్లకు పదేళ్ల పైబడి గమనిస్తే పెద్దపేగు క్యాన్సర్ 9 శాతం మందికి, ఇవ్వనివాళ్లలో 13 శాతం మందికి వచ్చింది. లించ్ లేనివాళ్లు దీన్ని చూసి ఆస్పిరిన్ మొదలుపెట్టకండి. అదుపులేని బీపీ మీద ఆస్పిరిన్ పడితే మెదడులో రక్తస్రావం ప్రమాదం.

ఇంగ్లండ్‌లో 50 నుంచి 74 ఏళ్ల వాళ్లకు రెండేళ్లకోసారి మలంలో రక్తం ఉందేమో చూసే కిట్ ఇంటికే పోస్టులో వస్తుంది. అమెరికాలో 45 నుంచే పరీక్షలు మొదలుపెట్టమంటున్నారు. మన జాతీయ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే పరీక్షలున్నాయి, పెద్దపేగుకు లేవు. అందుకే మన దగ్గర ఇది ముదిరాక బయటపడుతుంది. బీపీ మాత్ర కోసం నెలనెలా వెళ్లే ఆరోగ్య కేంద్రంలోనే ఈ మాట అడగవచ్చు: మలంలో రక్తం పడుతోంది, అది మొలలేనా? రెండు మూడు వారాలకు మించి మలవిసర్జన తీరు మారినా, మగవాళ్లలోనో ముట్లుడిగిన ఆడవాళ్లలోనో హిమోగ్లోబిన్ కారణం లేకుండా తగ్గినా, మొలల మందు రాసి పంపేస్తే ఒప్పుకోకండి. కొలొనోస్కోపీ చేయించమని అడగండి. ఆ రోజు బీపీ మాత్రల స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకుని వెంట తీసుకెళ్లండి.